30 వేలలో స్టార్టర్ బేస్ గిటార్ మార్చాలి: యమహానా, ఐబనెజా, స్క్వయరా?

కాకినాడ_లోఎండ్
స్టార్టర్ ప్యాక్‌లో వచ్చిన 4 తీగల బేస్ వాడుతున్నాను. పికప్‌లు (తీగ ఊపుని సిగ్నల్‌గా మార్చేవి) పీ రకం ఒకటి, జే రకం ఒకటి, అంటే పీ-జే. పాసివ్, అంటే లోపల బ్యాటరీ సర్క్యూట్ లేదు. వాయించేది ఆదివారం చర్చిలో, సీజన్‌లో ఉజ్జీవ సభలకి, అప్పుడప్పుడు సంగీత్‌లకి. బడ్జెట్ 30 వేలు, పైసా దాటలేను.

ఇబ్బందులు: నాలుగో తీగ (అన్నిటికన్నా లావుది) మూగగా ఉంటుంది, ఏ నోటు వాయించానో తెలీదు, గుయ్‌మని మోత ఒక్కటే. నెక్ మధ్యలో తీగలు మరీ ఎత్తు, అయినా 12 దాటాక బజ్. చెయ్యి తీగల మీంచి తీస్తే హమ్. రెండు పాటలకోసారి ట్యూనింగ్ జారుతుంది. యాక్టివ్ బేస్ (బ్యాటరీ సర్క్యూట్ ఉన్నది) కొంటే ఇవన్నీ పోతాయని షాపులో అన్నారు. యమహా టీఆర్‌బీఎక్స్ 304, ఐబనెజ్ ఎస్‌ఆర్ 300ఈ, స్క్వయర్ అఫినిటీ జాజ్. వీటిలో ఏది?

పాసివ్_పక్షం
మూడోది. మూడే నాబ్‌లు: రెండు వాల్యూములు, ఒక టోన్. పాట మధ్యలో బ్యాటరీ చచ్చే గొడవ ఉండదు.

అయిదోతీగ
మూడూ వద్దు. చర్చి అంటున్నావు కాబట్టి 5 తీగలది చూడు.

బెజవాడ_బీట్
డ్రమ్స్ వాయించేవాడిని, నాకిక్కడ పని లేదు. పల్లీలు వేయించుకుని కూర్చున్నా. కానివ్వండి.

నాలుగుతీగలు
కొనడం తరవాత సంగతి. కాకినాడ తమ్ముడూ, నువ్వు చెప్పినవి నాలుగూ నాలుగు వేరువేరు జబ్బులు. కొన్ని నెక్‌లో ఉన్నాయి, కొన్ని వైర్లలో, ఒకటి బేస్‌లోనే ఉందో లేదో అనుమానం. ముందు కొలవాలి.

తీగలు ట్యూన్‌లో ఉండగానే 1వ ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్) పెట్టు. నాలుగో తీగని చివరి ఫ్రెట్ దగ్గర వేలితో నొక్కి పట్టు. ఆ రెండిటి మధ్యా తీగ నిటారుగా ఉంటుంది కాబట్టి అదే నీ స్కేలు. 7, 8 ఫ్రెట్‌ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడు. 0.3 మి.మీ. ఉంటే మంచిది, 0.4 దాకా పరవాలేదు. ఫీలర్ గేజ్ లేకపోతే అకూస్టిక్ గిటార్ 12 గేజ్ సెట్‌లో ఒకటో తీగ ముక్క తీసుకో, దాని మందం సరిగ్గా 0.3 మి.మీ. అది సందులో వదులుగా జారిపోతే నెక్ ముందుకి వంగింది. అసలు దూరకపోతే మరీ నిటారుగానో వెనక్కో ఉంది. ఇదే కొలత ఒకటో తీగ వైపు కూడా తీయి. రెండు వైపులా తీయడం మర్చిపోకు, ఎందుకో తరవాత చెబుతా.

నెక్ మధ్యలో ఎత్తు, 12 దాటాక బజ్ అన్నావు. ఆ రెండూ కలిసి వచ్చాయంటే రిలీఫ్, అంటే నెక్ ముందుకి వంగిన వంపు, ఎక్కువైందని నా లెక్క. యాక్షన్ (ఫ్రెట్‌ల మీద తీగల ఎత్తు) ఎక్కువని శాడిళ్లు (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే ముక్కలు) కిందికి దించి ఉంటారు, దాంతో పైన బజ్ మొదలైంది.

ఫ్రెట్‌ఫైల్
పైన చెప్పిందే. ట్రస్ రాడ్ (నెక్ వంపుని సరిచేసే లోపలి కడ్డీ) తిప్పే ముందు తీగలు కొంచెం వదులు చెయ్యి. అలెన్ కీ గడియారం ముల్లు వైపు తిప్పితే నెక్ నిటారవుతుంది. ఒకసారికి పావు చుట్టు, అంతకి మించొద్దు. మళ్లీ ట్యూన్ చేసి కాసేపాగి కొలువు. కొన్ని నెక్‌లు మర్నాటికి గానీ సర్దుకోవు. కీ సైజు సరిగ్గా పట్టాలి. 4 మి.మీ. కీ వదులుగా అనిపిస్తే 5 మి.మీ. చూడు, ఇంచీ సైజులు కూడా ఉంటాయి. వదులు కీతో బలవంతం చేస్తే లోపలి అంచులు అరిగిపోతాయి, ఆ తరవాత నెక్ పారేయడమే. నట్టు గట్టిగా ఉండి కదలకపోతే వదిలేసి పనివాడి దగ్గరికి తీసుకెళ్లు.

రిలీఫ్ కుదిరాకే శాడిళ్లు. 17వ ఫ్రెట్ దగ్గర ఫ్రెట్ పైనుంచి తీగ అడుగు దాకా నాలుగో తీగకి 2.4 మి.మీ., ఒకటో తీగకి 2 మి.మీ. పెట్టు. చేత్తో గట్టిగా వాయిస్తే ఇంకో పావు మిల్లీమీటరు వదులు. ఆఖరున ఇంటొనేషన్, అంటే నెక్ పైదాకా నోట్లు శ్రుతిలో ఉండటం: 12 మీద నొక్కిన నోటు, 12 మీద హార్మోనిక్‌తో పోల్చు. నొక్కిన నోటు షార్ప్ అయితే శాడిల్ వెనక్కి, ఫ్లాట్ అయితే ముందుకి. ఈ వరస తిరగేస్తే చేసిన పని మళ్లీ చెయ్యాలి.

పాసివ్_పక్షం
ఇంటొనేషన్ కొత్త తీగలతోనే చెయ్యాలి, పాతవాటితో చేస్తే అబద్ధం చెబుతాయి.

డీఐ_బాక్స్
అందరూ నెక్ మీద పడ్డారు. కాకినాడ, ఒక్క ప్రశ్న: చర్చిలో నీ లీడ్ (కేబుల్) ఎక్కడ గుచ్చుతున్నావు?

కాకినాడ_లోఎండ్
మిక్సర్‌లో. స్టేజీ నుంచి మిక్సర్ దాకా 10 మీటర్ల లీడ్ ఉంది, చానల్‌లో లైన్ ఇన్‌పుట్‌లోకే నేరుగా. ఆంప్ లేదు. ఇంట్లో 15 వాట్ల చిన్న ఆంప్ ఉంది, దాంట్లో ఇంత మూగగా ఉండదు నిజమే.

డీఐ_బాక్స్
అదీ సంగతి. నీ నాలుగో తీగ మూగది కాదు, మిక్సర్ దాని నోరు నొక్కేస్తోంది.

పాసివ్ పికప్‌కి ఎదురుగా ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) 500 కిలో ఓమ్‌లు గానీ 1 మెగా ఓమ్ గానీ ఉండాలి. బేస్ ఆంప్ ఇన్‌పుట్ అలాగే ఉంటుంది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ మామూలుగా 10 నుంచి 20 కిలో ఓమ్‌లు. కీబోర్డ్, సీడీ ప్లేయర్ లాంటి వాటికి చేసింది అది. పాసివ్ బేస్‌ని అందులో పెడితే పైన ఉండాల్సిన ఫ్రీక్వెన్సీలు ముందే పోతాయి, లెవెల్ కూడా పడిపోతుంది. అప్పుడు గెయిన్ పెంచుతారు, గెయిన్‌తో హమ్ పెరుగుతుంది. ఇంకా వినపడట్లేదని 'లో' (కింది స్వరాల) నాబ్ తిప్పుతారు, మోత పెరుగుతుంది. నువ్వు రాసిన మూగతనం, మోత, హమ్ ఇవే.

దానికి తోడు 10 మీటర్ల లీడ్. మీటరుకి సుమారు 100 పికోఫారడ్ అనుకుంటే 1000 పికోఫారడ్ కెపాసిటెన్స్ సిగ్నల్‌కి అడ్డంగా కూర్చుంది. అది కూడా పైన కోసేస్తుంది.

మందు డీఐ, అంటే బేస్ సిగ్నల్‌ని మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె. 3 మీటర్ల లీడ్ బేస్ నుంచి డీఐకి, అక్కణ్ణుంచి మైకు కేబుల్‌తో మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌కి. పాసివ్ బేస్‌కి యాక్టివ్ డీఐ తీసుకో, ఇన్‌పుట్ 1 మెగా ఓమ్ దగ్గర ఉంటుంది. దానికి మిక్సర్‌లో 48 వోల్టుల ఫాంటమ్ (మైకు కేబుల్‌లోంచే వచ్చే పవర్) ఉండాలి, లేదా డీఐలో బ్యాటరీ. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ డీఐ అయితే బేస్‌కి సుమారు 140 కిలో ఓమ్‌లు చూపిస్తుంది, కొంచెం మెత్తబడుతుంది గానీ లైన్ ఇన్‌పుట్ కంటే ఎన్నో రెట్లు నయం. కొన్ని మిక్సర్లలో ఒకటో రెండో చానళ్లకి హై-జెడ్ (ఎక్కువ ఇంపెడెన్స్) బొత్తాం ఉంటుంది. ముందు అది చూసుకో, ఉంటే ఖర్చే లేదు.

బెజవాడ_బీట్
30 వేల సమస్యకి బొత్తాం నొక్కమన్నాడు. ఇలాంటివాళ్లని షాపులో ఉద్యోగానికి పెట్టుకోరు.

ఓరుగల్లు_గ్రూవ్
గందుకే షాపుల యాక్టివ్ తీస్కో అన్నరు. యాక్టివ్ బేస్ల ప్రీఆంప్ (సిగ్నల్‌ను పెంచే సర్క్యూట్) ఉంటది, దాని అవుట్‌పుట్ ఇంపెడెన్స్ చాన తక్కువ. లైన్ ఇన్‌పుట్ల గుచ్చినా లాస్ గాదు. మిక్సర్ల నేరుగ పెట్టెటోళ్లకు యాక్టివ్ మంచిగ వినబడుడు అందుకే. కట్టె గొప్పదని గాదు. అదే ప్రీఆంప్ బేస్ లోపల గాకుండ బయట పెడ్తే డీఐ అయితది.

పాసివ్_పక్షం
ఈ మాట ఫ్రేము కట్టించి ప్రతి షాపులో తగిలించాలి.

అయిదోతీగ
అంత సంబరం వద్దు. బయటి డీఐతో 3 బ్యాండ్ ఈక్యూ (టోన్ సర్దే నాబ్‌లు) చేతి కింద ఉండదుగా. సౌండ్ ఆయన హాలు చివర కూర్చుని ఉంటే పాటకి పాటకి టోన్ మార్చుకోవాల్సింది బేస్ మీదే.

డీఐ_బాక్స్
అది సరైన మాటే. అయితే చేతి కింద ఈక్యూ ఉన్న చాలామంది 'లో' నాబ్ పూర్తిగా తిప్పేసి వదిలేస్తారు. 15 అంగుళాల టాప్ స్పీకర్లు 40 హెర్ట్జ్ దగ్గర పెద్దగా ఏమీ ఇవ్వవు, ఆ ఊపు అంతా ఆంప్ పవర్ తినేసి క్లిప్ అవుతుంది. నాలుగో తీగ మూలస్వరం 41.2 హెర్ట్జ్. మనకి హాల్లో వినపడేది ఎక్కువగా దాని రెండో హార్మోనిక్, 82 హెర్ట్జ్ చుట్టుపక్కల. నోటు స్పష్టంగా తెలియాలంటే 700 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య కొంచెం పెంచి, 200 నుంచి 250 దగ్గర కొంచెం తగ్గించు. 35 కింద హై-పాస్‌తో కోసెయ్.

టంకం
హమ్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను.

పరీక్ష ఇది. వాల్యూం పెంచి తీగలు ముట్టుకో. హమ్ తగ్గితే గ్రౌండ్ బాగానే ఉంది, లోపల షీల్డింగ్ లేదంతే. తీగలు ముట్టుకున్నా తేడా లేకుండా, జాక్ దగ్గర లీడ్ లోహపు భాగం ముట్టుకుంటే మాత్రం తగ్గితే, బ్రిడ్జ్ కిందకి వెళ్లే గ్రౌండ్ వైరు తెగింది. బ్రిడ్జ్ స్క్రూలు విప్పి చూస్తే కట్టెకీ లోహానికీ మధ్య నలిగిన వైరు కనపడుతుంది. కొనమీద ఒక సెంటీమీటరు ఇన్సులేషన్ తీసి, పోగులు విసనకర్రలా పరిచి మళ్లీ బ్రిడ్జ్ బిగించు. అక్కడ టంకం అక్కర్లేదు.

నువ్వు చెయ్యి తీస్తేనే హమ్ అన్నావు, కాబట్టి మొదటి రకం. రాగి టేపు కొను, జిగురు వైపు కూడా కరెంటు పారే రకం. కంట్రోల్ క్యావిటీ (నాబ్‌ల వైర్లు ఉండే గుంట) లోపల గోడలూ అడుగూ, మూత లోపలి వైపూ అంటించు. ముక్క మీద ముక్క ఒక 5 మి.మీ. ఎక్కాలి. మల్టీమీటర్‌తో ఏ మూల నుంచి ఏ మూలకైనా బీప్ వస్తుందో లేదో చూసి, ఒక వైరుతో వాల్యూం పాట్ (నాబ్ కింద తిరిగే భాగం) వీపుకి కలుపు. జాక్‌లో సిగ్నల్ కాలు టేపుకి తగలకూడదు. తగిలితే చప్పుడే రాదు, అప్పుడు పికప్ పోయిందని కంగారుపడతారు.

పీ పికప్ రెండు ముక్కలూ కలిసి హమ్‌ని చంపుకుంటాయి. జే ఒక్కటే వాయిస్తే హమ్ తప్పదు. జే వాల్యూం కొంచెం తగ్గించి పీ ముందుంచితే సగం పోరు తగ్గుతుంది.

కాకినాడ_లోఎండ్
పాట్‌లు కూడా కరకరమంటున్నాయి. మార్చెయ్యనా?

టంకం
ముందు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఓ ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పు. తుప్పు వదిలించే మామూలు నూనె స్ప్రే కొట్టకు, జిడ్డు మిగిలి దుమ్ము పట్టేస్తుంది. అప్పటికీ పోకపోతే 250 కిలో ఓమ్, ఆడియో టేపర్ పాట్‌లు, టోన్‌కి 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్. స్టార్టర్ బేస్‌లలో చిన్న సైజు పాట్‌లు ఉంటాయి. పెద్దవాటికి రంధ్రం 9.5 మి.మీ. కావాలి, రీమర్‌తో నెమ్మదిగా పెంచు. డ్రిల్లు పెడితే ప్లేటు చీలుతుంది. జాక్ నట్టు వదులైతే బయట్నుంచి బిగించేటప్పుడు లోపల జాక్ తిరక్కుండా పట్టుకో, లేకపోతే వైర్లు మెలితిరిగి తెగుతాయి.

అయిదోతీగ
పికప్‌లు కూడా మార్చుకో అప్పుడే. డిమార్జియో మోడల్ పీ, సీమోర్ డంకన్ క్వార్టర్ పౌండ్, ఏదైనా.

నాలుగుతీగలు
వద్దు. ఆ పికప్ ఒక్కటే 30 వేలలో పెద్ద ముక్క తినేస్తుంది. అదీ నెక్ సంగతి తేలకుండా! నెక్ పనికొస్తుందని తేలాక పికప్ గురించి మాట్లాడదాం. బరువు బ్రిడ్జ్ గురించి కూడా ఎవరైనా ఎత్తుతారేమో, ముందే చెబుతున్నా: ఉన్న బ్రిడ్జ్ స్క్రూల మరలు పోతే తప్ప మార్చక్కర్లేదు.

పాసివ్_పక్షం
బరువు బ్రిడ్జ్‌తో సస్టెయిన్ పెరుగుతుంది కదన్నా.

నాలుగుతీగలు
కళ్లు మూసుకుని వింటే పోల్చుకోలేనంత. కొత్త తీగల తేడా మాత్రం గది బయట ఉన్నవాడికి కూడా తెలుస్తుంది.

కాకినాడ_లోఎండ్
తీగలు ప్యాక్‌తో వచ్చినవే, మార్చలేదు. మరిగిస్తే కొత్తవైపోతాయని విన్నాను.

బెజవాడ_బీట్
మరిగించేటప్పుడు కాస్త కరివేపాకు కూడా.

ఫ్రెట్‌ఫైల్
మరిగిస్తే చుట్ల మధ్య మురికి పోయి కొన్నాళ్లు మెరుస్తుంది. నీళ్లు కోర్ దగ్గర మిగిలితే సముద్రగాలి ఊళ్లో లోపల్నుంచి తుప్పు. ప్యాక్ తీగలకి ఆ శ్రమ అక్కర్లేదు. 45-65-80-100 మందాల నికెల్ సెట్ కొను, లాంగ్ స్కేల్ అని చూసి. డి'అడారియో ఈఎక్స్‌ఎల్ 170 అదే. స్టీల్ తీగలు ఇంకా మెరుస్తాయి గానీ ఫ్రెట్‌లని తొందరగా తింటాయి.

ఎక్కించేటప్పుడు: తీగ కోసే ముందు కోసే చోటుకి వెనక 90 డిగ్రీలు వంచు, వంచకుండా కోస్తే చుట్టు వదులై తీగ చచ్చిపోతుంది. పోస్ట్ దాటి 10 నుంచి 12 సెం.మీ. ఉంచి కొయ్యి. కొన పోస్ట్ మధ్య రంధ్రంలోకి దించి పైనుంచి కిందకి రెండు మూడు చుట్లు, చుట్టు మీద చుట్టు ఎక్కకుండా. బిగించాక శాడిల్‌కి ముందు, నట్‌కి (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే గాడుల పట్టీ) ముందు తీగని బొటనవేలితో కిందికి ఒత్తు. అక్కడ వంపు తీరితే ట్యూనింగ్ నిలుస్తుంది. రెండు పాటలకోసారి జారే రోగం సగం ఇక్కడే. మిగతా సగం నట్ గాడిలో తీగ ఇరుక్కోవడం. పెన్సిల్ ములుకు పొడి గాడిలో రుద్దు.

ఓరుగల్లు_గ్రూవ్
ట్యూన్ జేసేటప్పుడు ఎప్పుడైన కిందికెల్లి పైకి రావాలె. ఎక్కువైతే బాగ దించి మల్ల ఎక్కియ్యి. ఫోన్ల ట్యూనర్ నాలుగో తీగను పట్టకపోతే 12వ ఫ్రెట్ హార్మోనిక్ కొట్టు. 41 హెర్ట్జ్ ఫోన్ మైకుకు సరిగ ఇనబడది, 82 ఇనబడతది.

కాకినాడ_లోఎండ్
కొలతలు తెచ్చాను. కొత్త తీగలు వేసి, ట్యూన్ చేసి తీసినవి. నాలుగో తీగ వైపు సందు 1.1 మి.మీ. ఒకటో తీగ వైపు 0.5. ట్రస్ రాడ్ పావు చుట్టు చొప్పున రెండుసార్లు తిప్పాక 0.6, 0.1.

మిక్సర్‌కి హై-జెడ్ బొత్తాం లేదు. సౌండ్ ఆయన దగ్గర యాక్టివ్ డీఐ ఉంటే పెట్టి చూశాం. వేరే బేస్ అన్నట్టు ఉంది. గెయిన్ సగానికి వచ్చింది, హమ్ కూడా చాలా తగ్గింది.

డీఐ_బాక్స్
మూగ తీగ కేసు మూసేయొచ్చు.

నాలుగుతీగలు
నెక్ కేసు మాత్రం తెరుచుకుంది. రెండు వైపులా కొలవమన్నది ఇందుకే. తిప్పకముందు తేడా 0.6, తిప్పాక 0.5. రాడ్ రెండు వైపుల్నీ ఇంచుమించు ఒకేలా లాగుతోంది, తేడా మాత్రం పోలేదు. నాలుగో తీగ వైపు 0.35కి తెస్తే ఒకటో తీగ వైపు వెనక్కి వంగి, 1 నుంచి 5 ఫ్రెట్‌లలో బజ్ వస్తుంది. దీన్ని నెక్ మెలి తిరగడం అంటారు. హెడ్‌స్టాక్ వైపు నుంచి ఒక కన్ను మూసి నట్ గీతనీ చివరి ఫ్రెట్ గీతనీ కలిపి చూడు, రెండూ సమాంతరంగా ఉండవు.

ఫ్రెట్‌ఫైల్
0.5 అంటే మెలే. కానీ ఖాయం చేసే ముందు ఒక్కటి చూడాలి. ఎత్తుగా లేచిన ఫ్రెట్ ఏదైనా కొలతని మోసం చేస్తుందేమో. ఎంబోసింగ్ లేని చదునైన ఏటీఎం కార్డు పొడుగు అంచుని మూడేసి ఫ్రెట్‌ల మీద నిలబెట్టి ఊపి చూడు. కార్డు టకటక ఊగితే మధ్య ఫ్రెట్ లేచి ఉంది. 34 అంగుళాల స్కేల్‌లో 3వ ఫ్రెట్ నుంచి కార్డు పొడుగు అంచు సరిపోతుంది, 10 దాటాక పొట్టి అంచు వాడు. లేచిన ఫ్రెట్ ఒకటీ అరా అయితే నైలాన్ సుత్తితో కూర్చోబెట్టొచ్చు.

కాకినాడ_లోఎండ్
కార్డు ఎక్కడా ఊగలేదు. నట్ గీత, చివరి ఫ్రెట్ గీత కలవట్లేదు, కంటికే తెలుస్తోంది.

ఫ్రెట్‌ఫైల్
అయితే నెక్ పోయినట్టే. వేడి చేసి ప్రెస్‌లో పెట్టి తిప్పడం ఉంది, మళ్లీ వెనక్కి రాదని ఎవరూ రాసివ్వలేరు. ఫ్రెట్‌లు అరగదీసి తేడా దాచొచ్చు, 0.5 దాయాలంటే కొన్ని ఫ్రెట్‌లలో లోహమే మిగలదు. కొత్త నెక్ కొనాలన్నా స్టార్టర్ బేస్ పాకెట్ ఫెండర్ కొలత 63.5 మి.మీ.కి సరిపోతుందన్న నమ్మకం లేదు. ఇప్పుడు బేస్ మార్చడానికి నీకు నిజమైన కారణం దొరికింది.

బెజవాడ_బీట్
ఊరంతా తిరిగి మళ్లీ షాపు గుమ్మం ముందుకే వచ్చాం.

నాలుగుతీగలు
వచ్చాం గానీ జేబులో లెక్క మారింది. 30 వేలలో డీఐ, మంచి లీడ్, ఒక సెట్ తీగలు, సెటప్ కూలి తీసి పక్కన పెట్టు, ఒక ఐదారు వేలు. మిగిలిన 24, 25 బేస్‌కి. కొత్తదైతే నువ్వు రాసిన మూడింట్లో పై రెండూ ఆ డబ్బుకి కష్టం. సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. కొత్తదే కావాలంటే టీఆర్‌బీఎక్స్ 174 చూడు, పీ-జే, పాసివ్. డీఐ ఉంది కాబట్టి పాసివ్‌కి ఇప్పుడు ఏ లోటూ లేదు.

పాసివ్_పక్షం
నా స్క్వయర్ సంగతి?

ఓరుగల్లు_గ్రూవ్
సెకండ్ల దొరికితే తీస్కో. చెయ్యికి తేడా చెప్త. టీఆర్‌బీఎక్స్ 304, ఎస్‌ఆర్ 300ఈ, జాజ్, మూడింటికీ నట్ దగ్గర వెడల్పు 38 మి.మీ.లే. కాని ఎస్‌ఆర్ నెక్ సన్నగ, బాడీ చిన్నగ, తేలిక. 304కు హంబకర్లు, హమ్ గొడవ లేదు, 5 పొజిషన్ల ఈక్యూ స్విచ్ ఉంది. ఎస్‌ఆర్‌ల పవర్ ట్యాప్ స్విచ్‌తోని పికప్‌ను సింగిల్ కాయిల్ లెక్క కూడ చేసుకోవచ్చు. రెండిటికి 24 ఫ్రెట్లు, అఫినిటీ జాజ్‌కు 20. జాజ్‌ల రెండు వాల్యూములు ఫుల్ పెడ్తె హమ్ పోతది, ఒకటి దించితె మల్ల వస్తది. చర్చిల ట్యూబ్‌లైట్లు, డిమ్మర్లు ఉంటె ఇది యాదుంచుకో.

అయిదోతీగ
నా మాట ఇప్పటికీ ఎవరూ ఎత్తుకోలేదు. మన పాటలు గాయకుడి శ్రుతికి వెళ్తాయి. కీబోర్డ్ ఆయన ట్రాన్స్‌పోజ్ నొక్కి డి, సి, ఈ-ఫ్లాట్‌లో పెట్టేస్తాడు. నాలుగు తీగల్లో అన్నింటికన్నా కింద ఉన్నది 'ఈ' నోటు. డి అంటే పై ఆక్టేవ్‌కి ఎక్కాలి, పాట నేల మీంచి లేచిపోతుంది. అయిదో తీగ ఉంటే కింద డి, సి రెండూ దొరుకుతాయి. ఎస్‌ఆర్ 305ఈ సెకండ్ హ్యాండ్‌లో చూడు.

డీఐ_బాక్స్
ఆ సి 32.7 హెర్ట్జ్, డి 36.7. సబ్ (లోతు స్వరాలకి వేరే స్పీకర్) లేని 15 అంగుళాల బాక్సుల్లో వాటి మూలస్వరం రాదు, పై హార్మోనిక్‌లే వినపడతాయి. ఉజ్జీవ సభల్లో 18 అంగుళాల సబ్‌లు పెడితే వేరే సంగతి.

అయిదోతీగ
హార్మోనిక్‌లు వినిపించినా చెవి కింద నోటునే పట్టుకుంటుంది. పై ఆక్టేవ్ వాయించినదానికీ దానికీ తేడా హాల్లో ఎవరికైనా తెలుస్తుంది.

డీఐ_బాక్స్
దానికి నేను కాదనను.

నాలుగుతీగలు
డబ్బు తక్కువ కాబట్టి మధ్య దారి. నాలుగు తీగల బేస్‌లో 5 తీగల సెట్ కొని లావు నాలుగూ ఎక్కించు: 130-105-85-65 లాంటివి, బి-ఈ-ఏ-డి. పై జి పోతుంది, చర్చిలో దాని అవసరం ఎంత? నట్ గాడులు వెడల్పు చెయ్యాలి, గుండ్రటి ఫైలుతో, లోతు పెంచకుండా. రిలీఫ్ మళ్లీ చూడాలి, ఇంటొనేషన్‌లో లావు తీగ శాడిల్ బాగా వెనక్కి పోతుంది. కావాల్సింది డి ఒక్కటే అయితే నాలుగో తీగని ఒక స్వరం దించుకో. లేదా ట్యూనర్ బదులు మీట ఉండే హిప్‌షాట్ ఎక్స్‌టెండర్ పెట్టుకో, మీట తిప్పితే డి, మళ్లీ తిప్పితే ఈ.

చవక 5 తీగలవాటిలో లావు తీగ 34 అంగుళాల స్కేల్ మీద వదులుగా కొట్టుకుంటుంది. 125కి బదులు 130 వేస్తే కొంత నయం. కొనే ముందు 5వ ఫ్రెట్ దాకా ఒక్కొక్క నోటు విను.

ఫ్రిస్కో_తెలుగు
అమెరికా నుంచి తెప్పించుకోవడం గురించి ఎవరైనా అడుగుతారని: ఇక్కడ సెకండ్ హ్యాండ్ చవకే. కానీ నెక్ విప్పి పెట్టెలో పెట్టేద్దాం అనుకుంటారు. హెడ్‌స్టాక్‌తో కలిపి నెక్ 80 సెం.మీ. దగ్గర ఉంటుంది, 28 అంగుళాల సూట్‌కేస్‌లో నిలువుగా పట్టదు. మొత్తంగా తెస్తే ఎయిర్‌లైన్‌కి సైజు చార్జీ. ఇంకా టెక్సస్ పొడి గాలిలో సెట్ చేసిన నెక్ కాకినాడ తేమలో కదులుతుంది, దిగాక ట్రస్ రాడ్ ముట్టుకోక తప్పదు.

కాకినాడ_లోఎండ్
మా బావ రావడానికి ఇంకా ఏడాది, ఆ దారి లేదులెండి. హైదరాబాద్‌లో ఒకాయన టీఆర్‌బీఎక్స్ 304 అమ్ముతున్నాడు, 23 అంటున్నాడు. చూడ్డానికి వెళ్తున్నా. బి-ఈ-ఏ-డి సంగతి తరవాత ఆలోచిస్తా.

ఫ్రెట్‌ఫైల్
కేపో, గిటార్ ఒకటో తీగ ముక్క, అలెన్ కీలు, ఏటీఎం కార్డు జేబులో పెట్టుకో. ముందు రెండు వైపులా రిలీఫ్ కొలువు, తేడా 0.1 లోపు ఉండాలి. తరవాత ట్రస్ రాడ్ నట్టు ఇంకా తిరుగుతుందో లేదో అడిగి చూడు. పూర్తిగా బిగిసిపోయి, అయినా నెక్ ముందుకే ఉంటే తీసుకోకు. నెక్ కలిసే చోట స్క్రూల దగ్గర చీలిక ఉందేమో చూడు, పెయింట్ మీద వెంట్రుక గీత అయితే పరవాలేదు. 1 నుంచి 5 ఫ్రెట్‌ల మీద తీగల కింద గుంటలు పడ్డాయేమో వేలుగోరు లాగి చూడు. ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్ వాయించు. ఒకటో తీగ 5 నుంచి 7 మధ్య ఒక నోటు తొందరగా చచ్చిపోతే అది డెడ్ స్పాట్, బోల్టు నెక్‌లలో మామూలే. హెడ్‌స్టాక్‌ని గోడకి ఆనించి వాయిస్తే అది మారుతుంది. చిన్నదైతే దాంతో బతకొచ్చు.

టంకం
పట్టీ తగిలించుకుని చేతులు వదిలెయ్. హెడ్‌స్టాక్ నేల చూపులు చూస్తే భుజానికి రోజూ శిక్షే. ఇంకా ఒక్కో నాబ్, స్విచ్ ఐదు పొజిషన్లూ తిప్పి విను. జాక్‌లో లీడ్ పెట్టి కొంచెం ఊపు, కరకర వస్తే 200 రూపాయల పని, కానీ బేరానికి వెయ్యి.

పాసివ్_పక్షం
కొత్త 9 వోల్టుల బ్యాటరీ ఒకటి నువ్వే పట్టుకెళ్లు. అమ్మేవాడి బేస్‌లో పాత బ్యాటరీ ఉంటే సౌండ్ చిరిగినట్టు వస్తుంది, ప్రీఆంప్ పోయిందో బ్యాటరీ పోయిందో అక్కడ తేల్చుకోలేవు. వాయించడం అయ్యాక లీడ్ పీకెయ్, గుచ్చి ఉంచితే వాయించకపోయినా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

బెజవాడ_బీట్
పాసివ్ వాడు యాక్టివ్‌కి బ్యాటరీ దానం చేశాడు. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

కాకినాడ_లోఎండ్
బ్యాటరీ, కార్డు, తీగ ముక్క అన్నీ సంచిలో వేశా. డీఐ కూడా పట్టుకెళ్లాలా?

డీఐ_బాక్స్
అక్కడ ఆంప్ ఉంటే అక్కర్లేదు. 3 మీటర్ల నీ సొంత లీడ్ మాత్రం తీసుకెళ్లు, ఆయన లీడ్ పాడైతే మంచి బేస్ కూడా కరకరమంటుంది.